కాలు తగలని మనిషి

దేవదానం కుడిచెయ్యిని గుడివాడ బియ్యం మిల్లు బెల్టు తీసుకుంది. ఎడమచెయ్యిని బందరు సదనం వాళ్లు తీసుకున్నారు. మిల్లు బెల్టుకు కళ్లు లేవు. సదనం వాళ్లకు ఉన్నాయి.

ఎడమచెయ్యి ఒంటికి అంటుకునే ఉంది కదా, వేళ్లన్నీ కదులుతున్నాయి కదా అని చూసినవాళ్లు అనొచ్చు. చూసినవాళ్లు ఏమైనా అంటారు. చూడటం వల్లే అదంతా జరిగింది.

అతనిది అవనిగడ్డ దిగువన ఒక పల్లె. ఊళ్లో మిషను బడిలో ఐదో తరగతి దాకా చదివాడు. మిల్లులో చెయ్యి పోగొట్టుకుని ఇంటికి వచ్చాక అతన్ని పనికి పిలిచినవాడు లేడు. కోతలకు వెళ్తే, "నువ్వెందుకయ్యా, గట్టు మీద కూర్చో" అన్నారు. జాలిపడ్డామనుకున్నారు వాళ్లు. గట్టు మీద కూర్చున్నవాడి పొయ్యి ఎలా వెలుగుతుందో ఎవరూ అడగలేదు.

కూర్చోనివ్వనిది అతని భార్య సంతోషమ్మ ఒక్కతే. చల్లపల్లి వెళ్లి, చెప్పులు కుట్టేవాడి ఎదుట పొద్దంతా కూర్చుని, దళసరి తోలుపట్టీ కుట్టించి, దాని చివర ఇనప కొక్కెం బిగింపించి తెచ్చింది. మొండిచేతికి తనే కట్టింది.

"దీంతో బిందె ఎత్తు," అంది.

ఎత్తాడు. బిందె జారి కాలవలో పడింది.

"మనకి ఇంకో బిందె లేదు. దిగి దాన్నే ఎత్తు," అంది.

దిగి దాన్నే ఎత్తాడు. ఆ తర్వాత గడ్డిమోపు ఎత్తాడు, గొడ్డు పలుపు పట్టాడు, తడిక కట్టాడు. ఒక్క అన్నం దగ్గర మాత్రం సంతోషమ్మ మెత్తబడింది. ఎడమచేత్తో అన్నం తినే మొగుణ్ణి ఆమె చూడలేకపోయింది. తలుపు వేసి, ముద్ద కలిపి, తనే పెట్టేది. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు.

మరుసటి వానాకాలం విషజ్వరం వచ్చి ఆమె పోయింది. ఆనాటి నుంచి దేవదానం ఎడమచేత్తోనే తింటున్నాడు. తలుపు వేసుకుని, గోడవైపు తిరిగి తింటున్నాడు.

సదనం గురించి చెప్పింది ఊరి చర్చి పాస్టరు ప్రకాశరావుగారు. కొత్త పైసలు వచ్చిన ఏడు అది. బందరులో ఒక ప్లీడరుగారి భార్య, శారదాంబగారట, అవిటివాళ్లకు పని నేర్పే సదనం పెట్టారట. పేము కుర్చీలు అల్లిస్తారట. అల్లినవి స్కూళ్లకూ ఆఫీసులకూ అమ్మి, ఆ రాబడితోనే ఇంకొందరికి నేర్పుతారట. నేర్చినవాళ్లకు బయట ఉద్యోగం కూడా చూసిపెడతారట.

"అక్కడ దానధర్మాలు ఉండవు దేవదానం. పనే," అన్నారు అయ్యగారు.

దేవదానం తోలుపట్టీ చుట్టి సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. సదనం గేటు మీద పెద్ద అక్షరాలతో "జాలి వద్దు, పని ఇవ్వండి" అని రాసి ఉంది. నిలబడి రెండుసార్లు చదివాడు. నచ్చింది. ఆ తర్వాత అతను ఏ బోర్డునూ నమ్మలేదు.

పేము కుర్చీ అల్లిక చూడటానికి తేలిక. నానబెట్టిన పేము బద్దను కుర్చీ చట్రంలోని కన్నంలోంచి పైకి లాగాలి. బిగి సడలకుండా ఒక చెయ్యి దాన్ని పట్టి ఉంచాలి. రెండో చెయ్యి కొసను తర్వాతి కన్నంలోకి దూర్చాలి. పట్టి ఉంచే పని సంతోషమ్మ కొక్కెం చేసింది. దూర్చే పని ఎడమచెయ్యి నేర్చుకుంది. నేర్పిన సత్తయ్య మేస్త్రీ ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. ఒకనాడు దేవదానం అల్లిన కుర్చీ మీద వేలు పెట్టి నొక్కి, ఏమీ అనకుండా వెళ్లిపోయాడు. అంటే బాగుందని.

పక్క పీట మీద పెడన నరసింహం కూర్చునేవాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒక కాలు చచ్చుపడిపోయింది. చంకకర్ర వేసుకుని నడుస్తాడు. నోరు మాత్రం పరుగెడుతుంది.

"ఏం బావా, నా చేతులూ నీ కాళ్లూ కలిపితే సర్కారు నిఖార్సయిన మనిషినొకణ్ణి తయారుచేసుకోవచ్చు."

"తల ఎవరిది పెడతారు?"

"నాదే పెట్టాలి. నీ మొహం చూస్తే కుర్చీ కొనేవాడు కూడా పారిపోతాడు."

దేవదానం నవ్వలేదు గానీ కోపగించుకోలేదు. ఆ రోజుల్లో అతనికి కోపం లేదు.

సదనంలో అతనికి గిట్టనిది అన్నం గంట ఒక్కటే. అందర్నీ వరసలో కూర్చోబెట్టి వడ్డించేవాళ్లు. గోడవైపు తిరిగే వీలు లేదు. దేవదానం తల దించుకుని, నాలుగు ముద్దలు గబగబా మింగి లేచిపోయేవాడు. ఎప్పటికైనా పని దొరికి, తలుపున్న గది ఒకటి దొరికితే చాలనుకునేవాడు. అంతకు మించి అతను ఎవర్నీ ఏమీ కోరలేదు.

ఒకరోజు శారదాంబగారు ఎవరో ఇద్దరు పెద్దింటి ఆడవాళ్లను వెంటబెట్టుకుని పనిశాల చూపించడానికి వచ్చారు. సరిగ్గా వాళ్లు దగ్గరికి వచ్చేసరికి తోలుపట్టీ కుట్టు పుటుక్కున తెగింది. కొక్కెం జారిపోయింది. బద్ద సడలితే అప్పటిదాకా అల్లిందంతా పోతుంది. దేవదానం చటుక్కున కుడికాలు ఎత్తి, బొటనవేలితో బద్దను చట్రానికి అదిమిపట్టి, ఎడమచేత్తో కొసను దూర్చేశాడు.

"అయ్యయ్యో! కాలితో అల్లుతున్నాడే!" అంది ఒకావిడ. పైటచెంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రం శారదాంబగారు అతన్ని పిలిపించారు. ఆవిడ ఎప్పుడూ మెల్లగా మాట్లాడేవారు. గొంతు పెంచాల్సిన అవసరం ఆవిడకు ఎన్నడూ వచ్చినట్టు లేదు.

"దేవదానం, ఇకనుంచి ఎవరన్నా చూడటానికి వస్తే, ఇవాళ చేశావే, అలా చెయ్యి."

"పట్టీ కుట్టు తెగిందండి అమ్మగారూ. రేపు కుట్టించుకుంటాను. కాలితో అయితే ఆలస్యం. బిగి రాదు."

"బిగి సంగతి కాదయ్యా. ఆ ఇనపకొక్కెం చూసి వచ్చినవాళ్లు జడుసుకుంటున్నారు. కసాయి కొట్టు గుర్తొస్తోందని నాతోనే అన్నారు. కాలైతే మనసుకు తగుల్తుంది."

"అది మా ఆడమనిషి చేయించిందండి."

"పాపం. భద్రంగా ఉంటుందిలే, భాస్కరరావుకు ఇయ్యి."

భాస్కరరావు సదనం మేనేజరు. పట్టీని బీరువాలో పెట్టి తాళం వేశాడు.

మొదట్లో ఎవరన్నా చూడటానికి వచ్చినప్పుడు మాత్రమే కాలితో అల్లాడు. తర్వాత చూడవచ్చేవాళ్లు రోజూ రావడం మొదలుపెట్టారు. రోటరీ వాళ్లు వచ్చారు, మహిళామండలి వాళ్లు వచ్చారు, హైదరాబాదు నుంచి కారులో ఎవరో వచ్చారు. వాకిట్లో అరుగు కట్టించి, దాని మీద దేవదానాన్ని కూర్చోబెట్టారు. గేటు బోర్డు కింద ఇంకో బోర్డు వచ్చింది. "కాలితో కుర్చీ అల్లే దేవదానాన్ని చూడండి." చూసినవాళ్లు కుర్చీలు కొన్నారు. కొన్నవి ఎక్కువగా నరసింహం అల్లినవి. దేవదానం అరుగు మీద రోజల్లా అల్లేది రెండు వరసలు. ఆ రెండు వరసలనూ సాయంత్రం సత్తయ్య మేస్త్రీ విప్పేసి మళ్లీ అల్లేవాడు.

అన్నం గంటకు కూడా వచ్చినవాళ్లు నిలబడి చూసేవాళ్లు. ఒకసారి ఒక డాక్టరుగారి భార్య భాస్కరరావును అడిగింది.

"అన్నం కూడా కాలితోనే తింటాడా అండీ?"

"లేదండి, ఎడంచేత్తో."

"ఛీ," అంది ఆవిడ. పాపం, అనుకోకుండా వచ్చేసినట్టుంది ఆ మాట. వెంటనే సర్దుకుని నవ్వింది. దేవదానం విన్నాడు. కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది.

అప్పుడే గుడివాడ కబురు వచ్చింది. అక్కడ ఒక హైస్కూల్లో పేము కుర్చీలన్నీ తెగిపోయి గుట్టపడ్డాయి. ఎప్పటికప్పుడు అల్లిపెట్టడానికి ఒక మనిషిని స్కూల్లోనే శాశ్వతంగా పెట్టుకుంటారు. స్కూలు వెనకాల నూతి పక్కన గది ఇస్తారు. హెడ్మాస్టరు గోపాలకృష్ణమూర్తిగారు తనే వచ్చి మనిషిని ఎంచుకుంటారు.

దేవదానం భాస్కరరావును ఒకటే అడిగాడు.

"ఆ గదికి తలుపుందాండీ?"

"గదన్నాక తలుపుండదేంటయ్యా?"

అప్పుడు వెళ్లి శారదాంబగారి ముందు నిలబడ్డాడు. అంతకుముందు ఆవిణ్ణి ఏదీ అడిగి ఎరగడు.

"ఆ పని నాకిప్పించండి అమ్మగారూ."

"నీకు కాక ఎవరికయ్యా! ఆయన వచ్చినప్పుడు బాగా చేసి చూపించు."

"పట్టీ కట్టుకుని చూపిస్తానండి. కుర్చీ మొత్తం ఆయన ఎదటే అల్లుతాను."

"వద్దు వద్దు. కాలితోనే చెయ్యి. ఆయన కదిలిపోవాలి. కదిలితే పని దానంతటదే అవుతుంది."

నమ్మాడు. మనుషుల్ని కదిలించడం ఆవిడకు బాగా తెలిసిన విద్య అనుకున్నాడు. అది నిజమే.

హెడ్మాస్టరుగారు వచ్చారు. తెల్లటి పంచె, భుజాన కండువా, నెరిసిన జుట్టు. అరుగు ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. దేవదానం బొటనవేలితో బద్దను అదిమి, ఎడమచేత్తో దూర్చి, మళ్లీ అదిమి, మళ్లీ దూర్చాడు. ఆయన కళ్లు చెమర్చాయి.

"మనిషి తలుచుకుంటే కానిది లేదమ్మా," అన్నారు శారదాంబగారితో. చప్పట్లు కొట్టారు. అందరూ కొట్టారు. తర్వాత అందరూ లోపలికి వెళ్లి కాఫీ తాగారు.

మర్నాడు పొద్దున్నే నరసింహం ట్రంకుపెట్టెకు తాడు కడుతున్నాడు.

"ఎక్కడికిరా?"

నరసింహం తలెత్తలేదు. "గుడివాడ, బావా."

"నీకిచ్చారా?"

"నేనడగలేదు. ఒట్టు. మా అమ్మ మీద ఒట్టు."

"నాకెందుకివ్వలేదు?"

నరసింహం తాడు ముడి వేసి, విప్పి, మళ్లీ వేశాడు.

"కాలు తగలనివాణ్ణి పంపమన్నారట బావా. అవి మేష్టర్లు కూర్చునే కుర్చీలంట. చదువు చెప్పేవాళ్లు కూర్చునేచోట కాలేసి తొక్కి అల్లితే ఎట్టా అన్నారంట. పుస్తకానికి కాలు తగిల్తే కళ్లకద్దుకుంటాం గదా, అట్టాంటిదే ఇదీనూ అని."

దేవదానం చాలాసేపు అతని చచ్చుకాలి వంక చూశాడు.

"నీ కాలు పని చెయ్యదు కాబట్టి నీకు ఉద్యోగం. నా కాలు పని చేస్తుంది కాబట్టి నాకు లేదు."

"బావా..."

"బావా లేదు, గీవా లేదు. దారి తప్పుకో."

శారదాంబగారు కిటికీ దగ్గర కూర్చుని పేపరు చదువుతున్నారు. దేవదానం గుమ్మంలో ఆగలేదు. లోపలికే వచ్చాడు.

"ఆయనకి కొక్కెం సంగతి చెప్పారా?"

ఆవిడ పేపరు మడిచారు. "కూర్చోవయ్యా."

"చెప్పారా, లేదా? నాకు కాలు అక్కర్లేదని చెప్పారా?"

"ఎలా చెప్పను దేవదానం? కాలు అక్కర్లేదంటే, మరి ఇన్నాళ్లూ మేం చూసిందేమిటని అడగరూ? సదనం పరువేం కావాలి?"

"నా పని ఏం కావాలి?"

"నీకిక్కడ లోటేముంది? నిన్ను చూడ్డానికే ఇంతమంది వస్తున్నారు. నువ్వు వెళ్లిపోతే మిగతా వాళ్లు అల్లినవి కొనేదెవరు? వాళ్ల సంగతి ఆలోచించవద్దూ?"

"జాలి వద్దని గేటు మీద రాశారు."

"రాశాం."

"జాలి అమ్ముతామని రాయాల్సింది."

ఆవిడ మొహం ఎర్రబడింది. గొంతు మాత్రం పెరగలేదు. "నిన్ను ఇంతవాణ్ణి చేశాం దేవదానం," అన్నారు.

"పట్టీ ఇప్పించండి."

భాస్కరరావు బీరువా తీశాడు. గాలి తగలక తోలు బిర్రబిగిసి, బూజు పట్టి ఉంది. కొక్కేనికి తుప్పు. తెగిన కుట్టు తెగినట్టే ఉంది. బందరు కోట దగ్గర చెప్పులు కుట్టేవాడితో కుట్టు వేయించుకుని, దేవదానం గుడివాడ రైలెక్కాడు. పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటేదాకా పట్టీకి నూనె రాస్తూ కూర్చున్నాడు. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఉండబట్టలేక అడిగాడు.

"ఎక్కడికి బాబూ?"

"ఉద్యోగానికి."

"మొండిచెయ్యి చూపించరుగదా?" అని ఆయన తన చమత్కారానికి తానే నవ్వుకున్నాడు. దేవదానం చూసిన చూపుకు ఆ ముసలాయన తర్వాతి స్టేషన్లో లేచి వేరే పెట్టెలోకి వెళ్లిపోయాడు.

హైస్కూలు వరండాలో తెగిన కుర్చీలు గుట్టగా ఉన్నాయి. ఆ చివర నరసింహం అప్పటికే పని మొదలుపెట్టాడు. వరండా వెనకగా నూతి పక్కన గది కనిపించింది. నీలంరంగు తలుపు. తలుపుకు గొళ్లెం కూడా ఉంది.

హెడ్మాస్టరుగారు తన ఆఫీసు గదిలోంచి బయటికి వచ్చి గుర్తుపట్టారు.

"నువ్వా! రావయ్యా. నీ గురించి ఇవాళ ప్రేయర్లో పిల్లలకు చెప్పాను."

"నాకు కాలు అక్కర్లేదండి," అన్నాడు దేవదానం. "అమ్మగారు చెప్పలేదు. ఇదుగోండి, దీంతో అల్లుతాను. మొదట్నుంచీ దీంతోనే అల్లేవాణ్ణి. ఒక కుర్చీ ఇప్పించండి. మీ కళ్లతో చూడండి."

"ఒకసారి చూశానుగా."

"ఇంకోసారి చూడండి."

ఆయన మంచివాడు. కాదనలేదు. ఒక చట్రం తెప్పించి ముందు వేయించారు. నరసింహం నానిన బద్దలు తెచ్చి పక్కన పెట్టి తన చోటుకు వెళ్లిపోయాడు. ఇద్దరు మాస్టర్లు తరగతి గదుల్లోంచి వచ్చి గుమ్మాల్లో నిలబడ్డారు.

దేవదానం నేల మీద కూర్చుని పట్టీ కట్టుకున్నాడు. పంటితో ముడి బిగించాడు. మొదటి బద్ద కన్నంలోంచి లాగి కొక్కేనికి తగిలించాడు. నిలబడింది. ఎడమచేత్తో కొసను దూర్చాడు. రెండో బద్ద. మూడోది. వేళ్లకు పని గుర్తుకొస్తోంది. సంతోషమ్మ కాలవగట్టు మీద నిలబడి చూస్తున్నట్టు అనిపించింది. ఈసారి బిందె పోదు అనుకున్నాడు.

అడ్డవరస మొదలుపెట్టాడు. బద్ద తడిగా ఉంది. కొక్కెం కొంచెం, గోరంత, జారింది.

అతను ఏమీ అనుకోలేదు. అనుకునే వ్యవధి లేదు. కుడికాలు దానంతటదే లేచింది. బొటనవేలు బద్దను చట్రానికి అదిమిపట్టింది.

దేవదానం తన కాలి వంక చూశాడు. అది తనది కానట్టు, ఎవరో తెచ్చి అక్కడ పెట్టినట్టు చూశాడు. తియ్యాలనుకున్నాడు. తీస్తే బద్ద సడలుతుంది. కాబట్టి ఎడమచెయ్యి ముందు కొసను దూర్చేసింది, అరుగు మీద రోజూ దూర్చినట్టే. తర్వాత కాలు దిగింది.

"చూశావా," అన్నారు హెడ్మాస్టరుగారు. గొంతులో కోపం లేదు. అదే భరించరానిది. "నీ తప్పు కాదయ్యా. అలవాటైపోయింది. ఇక్కడ నా మీద వందమంది కళ్లుంటాయి. మేష్టర్లు ఒప్పుకోరు."

ఒక మేష్టరు వెనక నుంచి, "కాలొక్కటే అయితే సర్దుకునేవాళ్లమేమో," అన్నాడు తగ్గుస్వరంతో. రెండో ఆయన దగ్గాడు. ఆ మాటకు అర్థం దేవదానానికి విప్పి చెప్పక్కర్లేదు. అతని పేరే చెప్తుంది.

"భోజనం చేసి వెళ్లు," అన్నారు హెడ్మాస్టరుగారు. "ఇక్కడే వరండాలో పెట్టిస్తాను."

దేవదానం లేచాడు. పట్టీ విప్పలేదు. నరసింహం చంకకర్ర పట్టుకుని మెట్లదాకా వచ్చాడు.

"బావా, సాయంత్రం దాకా ఉండు. నా గదిలో కూర్చుని తిందాం. తలుపేసుకుందాం."

దేవదానం అతని మొహంలోకి చూడలేదు. "ఆ గది పేరు నా దగ్గర ఎత్తకు," అని దిగి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నరసింహం ఎన్నిసార్లు కబురు పెట్టినా జవాబు ఇవ్వలేదు. నరసింహం చేసిన తప్పేమిటని అడిగితే చెప్పలేడు. క్షమించనూ లేదు.

బందరు వెళ్లలేదు. తిన్నగా ఊరికి వెళ్లి, పడిపోయిన ఇంటికప్పు వేసుకున్నాడు. గొడ్లు కాశాడు. గడ్డిమోపులు ఎత్తాడు. కూర్చుని చేసే పని దేనికీ ఒప్పుకోలేదు. పిలిచినవాళ్లు ఉన్నారు గానీ తడిక కూడా అల్లలేదు. బద్ద కనబడితే కాలు లేస్తుందని అతనికి తెలుసు.

సదనం వార్షికోత్సవానికి భాస్కరరావు జీపు వేసుకుని వచ్చాడు. పాస్టరు ప్రకాశరావుగారు వెంట ఉన్నారు. దేవదానం అప్పుడే కంచం ముందు కూర్చున్నాడు. తలుపు వేసి ఉంది.

"దేవదానం, అమ్మగారు నిన్ను మరీ మరీ రమ్మన్నారయ్యా," అని బయటనుంచి భాస్కరరావు. "ఒక్క పూట అరుగు మీద కూర్చుంటే చాలు. జీపులోనే తీసుకెళ్లి జీపులోనే దింపుతాం."

ప్రకాశరావుగారు తలుపు దగ్గరికి వచ్చారు. "నేనయ్యా. పంపినవాణ్ణి నేనే గదా. అక్కడ నీకేం జరిగిందో నాకన్నా చెప్పు. ప్రార్థన చేసుకుందాం."

దేవదానం ఎడమచెయ్యి కడుక్కుని, తుడుచుకుని, తలుపు ఒక రెక్క తీశాడు. ఇద్దరి మొహాలూ చూశాడు.

"అయ్యగారూ, నేను చచ్చాక సమాధి దగ్గర మీరేం చెప్పుకుంటారో మీ ఇష్టం. నేను బతికుండగా ఆ ఊసు నా గుమ్మంలో ఎత్తొద్దు. నేనెత్తను. ఎవరడిగినా ఎత్తను."

తలుపు వేసి గొళ్లెం పెట్టుకున్నాడు.